జోటెరో: 212 రిఫరెన్సులు, ఇద్దరైన ఒక రావు గారు

నా పీహెచ్‌డీ వరి మీద. థీసిస్‌లో 212 రిఫరెన్సులు. మొదటి రెండు చాప్టర్లకు అన్నీ చేత్తోనే టైపు చేశాను. ఈలోగా పేపర్ పంపిన జర్నల్ వాళ్లు రిఫరెన్సులకు రచయిత పేరు, సంవత్సరం వద్దు, నంబర్లు వేయమన్నారు. ఏడుపొక్కటే తక్కువ. మా ల్యాబ్‌లో సీనియర్ అక్క చూసి, "ఇంకా చేత్తో కొడుతున్నావేంటే?" అని రిఫరెన్సులు సర్దిపెట్టే జోటెరో అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది.

పైసా కట్టక్కర్లేదు. 2006లో అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీ వాళ్లు మొదలుపెట్టిందట. మంత్రదండం బొమ్మ నొక్కి డీఓఐ (పేపర్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు) వేస్తే పేపర్ వివరాలన్నీ వచ్చేస్తాయి. వర్డ్‌లో స్టైల్ మారిస్తే పేర్లన్నీ నంబర్లైపోతాయి. అయితే చేత్తో కొట్టినవాటిని అది పట్టించుకోదు. వాటిని మళ్లీ మొదటినుంచి పెట్టడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

అసలు తంటా మన పేర్లతో. మనకు ఇంటిపేరు ముందుంటుంది. జర్నల్ సైట్లు చివరి ముక్కనే ఇంటిపేరు అనుకుంటాయి కాబట్టి రావులు, రెడ్లు అందరూ ఒకే ఇంటివాళ్లైపోతారు. నా లిస్టులో ఒక రావు గారు ఒక పేపర్లో రెండు పొడి అక్షరాలతో, ఇంకో పేపర్లో ఒక్కదానితో ఉన్నారు. జోటెరో ఆయన్ని ఇద్దరు మనుషులు అనుకుని, థీసిస్‌లో ఆయన పేరు వచ్చిన చోటల్లా ముందు పొడి అక్షరాలు తగిలించింది. మా గైడ్ సార్ ఎర్ర పెన్నుతో చుట్టి "ఇవేంటమ్మా?" అన్నారు. కారణం దొరకడానికి ఒక సాయంత్రం, సరిచేయడానికి రెండు నిమిషాలు.

వరి శాస్త్రీయ నామం ఒరైజా సటైవా ఇటాలిక్స్‌లో (వాలు అక్షరాల్లో) రావాలంటే టైటిల్‌లో దానికి అటూ ఇటూ ఐ ట్యాగ్ (<i>, </i>) పెట్టాలి. విసుగే, కానీ ఒక్కసారి పెడితే చాలు.

పీడీఎఫ్‌లు దాచుకోవడానికి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీ. నాకు నెలలో నిండిపోయింది. ఫైళ్ల సింక్ ఆపేసి ల్యాప్‌టాప్‌లోనే ఉంచుకుంటున్నా. రిఫరెన్సుల వివరాలు మాత్రం సింక్ అవుతూనే ఉంటాయి, వాటికి పరిమితి లేదు.

అన్నిటికంటే నచ్చింది వేరే. మొన్న తెరవగానే పైన ఎర్ర పట్టీ: మీ లిస్టులో ఒక పేపర్‌ని రిట్రాక్ట్ చేశారని, అంటే అచ్చయ్యాక వెనక్కి తీసుకున్నారని. వెతికితే అది నా రెండో చాప్టర్‌లో, అదీ చాలా నమ్మకంగా రాసుకున్న పేరాలో ఉంది. సార్ చూసేలోపు తీసేశాను.