నిజోకు ఏది మేలు: అంతఃపురమా, దారి వెంట బతుకా?

13వ శతాబ్దపు జపాన్‌లో పెద్దింటి ఆడపిల్లకు క్యోటో రాజకొలువులో చోటు దొరకడమంటే గొప్ప అదృష్టం. 1258లో పుట్టిన నిజో ఆ అదృష్టాన్నీ చూసింది, అది పోయాక సన్యాసినిగా ఊళ్లు తిరిగే బతుకునూ చూసింది. రెండింటినీ తానే రాసిపెట్టింది.

అంతఃపురం ఆమెకు ఇచ్చింది తక్కువేం కాదు. పట్టుబట్టలు, కవిత్వం, బివా అనే తీగల వాయిద్యం అన్నీ అక్కడే దక్కాయి. పసితనం నుంచి ఆమె పెరిగింది పదవి వదిలిన చక్రవర్తి గో-ఫుకకుసా దగ్గరే. 1271లో, జపాన్ లెక్కలో 14వ ఏట, ఆయనే ఆమెను తన పడకటింటికి తీసుకున్నాడు. తండ్రితో మాట్లాడుకున్నారు గానీ ఆ పిల్లకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

మరుసటి ఏడే తండ్రి పోయాడు. అసలు దెబ్బ అదే. ఆ కొలువులో ఆడదానికి విలువ పుట్టింటి అండను బట్టి ఉండేది. పట్టపురాణి వెనక బలమైన సైయోంజి వంశం ఉంది. నిజో వెనక గట్టిగా నిలబడేవాళ్లే లేకపోయారు. చక్రవర్తికి కన్న కొడుకు పసికందుగానే పోయాడు. చాటుగా కలిసే ఒక ప్రియుడికి కన్న కూతుర్ని పుట్టగానే గుట్టుగా వేరే ఇంటికి పంపేశారు. రాణికి కంటగింపై, 1283లో కొలువు నుంచే గెంటేశారు.

ఇక దారి. 1289లో, సన్యాసినిగా, సైనిక పాలకుల ఊరైన కామకురా వెళ్లింది. తర్వాత జెన్‌కోజి, అసకుసా, ఇసే, ఇట్సుకుషిమా గుళ్లు. తొమ్మిదో ఏట సన్యాసి కవి సైగ్యో యాత్రల బొమ్మలు చూసి, తానూ అలా తిరగాలనుకుంది. ఆమె జీవితంలో తనకు తానుగా కోరుకున్నది తీరిందంటే ఇదే. అంతఃపురం చదువు కూడా వృథా పోలేదు. కామకురాలో పెద్దింటివాళ్లు క్యోటో నుంచి వచ్చిన బట్టలు ఎలా కుట్టాలో తెలియక ఆమెనే పిలిపించుకున్నారు.

భయాలూ ఉన్నాయి. బింగో ప్రాంతంలో ఒక పెత్తందారు ఆమె తన ఇంటి దాసీ అని గొడవకు దిగాడు. బౌద్ధ గ్రంథాలైన సూత్రాలకు నకళ్లు రాసే ఖర్చుకు డబ్బుల్లేక, అమ్మానాన్నల గుర్తులుగా మిగిలిన వస్తువులు కూడా అమ్ముకుంది.

అయినా నా ఓటు దారికే. అక్కడ ఆమెను ఇంకొకరికి అప్పగించేవాళ్లు లేరు. తండ్రి ఇంకో పదేళ్లు బతికి ఉంటే మాత్రం ఇంత ధైర్యంగా ఈ మాట అనలేకపోయేవాణ్ణి.