ప్రైమరీ సర్వే: ఓటరు పాత రికార్డు చూడాలా, నోటిమాట నమ్మాలా?

అమెరికాలో పార్టీ తరఫున ఎవరు పోటీ చేయాలో ఓటర్లే తేల్చే ఎన్నికని ప్రైమరీ అంటారు. 2014 జూన్‌లో వర్జీనియాలోని తన నియోజకవర్గం రిపబ్లికన్ ప్రైమరీకి ముందు ఎరిక్ కాంటర్ సొంతంగా చేయించుకున్న సర్వేలో ఆయనకు 34 పాయింట్ల (అంటే ఓట్లలో 34 శాతం) ఆధిక్యం కనిపించింది. అప్పటికి ఆయన అమెరికా ప్రతినిధుల సభలో మెజారిటీ నాయకుడు. తీరా లెక్కపెడితే డేవ్ బ్రాట్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ చేతిలో 11 పాయింట్ల తేడాతో ఓడిపోయారు. అడిగింది 400 మందిని. అంతమందిని అడిగితే నాలుగైదు పాయింట్ల తేడా రావడం మామూలే గానీ, 45 రాదు. ఓటు వేయడానికి వచ్చినవాళ్లు వేరు, సర్వే అడిగినవాళ్లు వేరు.

ప్రైమరీ సర్వేలకు అసలు తలనొప్పి ఇదే. సాధారణ ఎన్నికలతో పోలిస్తే ప్రైమరీకి వచ్చేవాళ్లు చాలా తక్కువ. ఆ కొద్దిమంది ఎవరో ముందే కనిపెట్టాలి. అందుకు రెండు దారులున్నాయి.

మొదటిది ఓటర్ల జాబితా. అమెరికాలో ఎవరికి ఓటేశారో తెలియదు గానీ, ఏ ఎన్నికలో ఓటేశారో రికార్డు ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో ఏ పార్టీ కింద నమోదయ్యారో కూడా ఉంటుంది. గత ప్రైమరీల్లో ఓటేసినవాళ్లకే ఫోన్ చేస్తే ఖర్చు తగ్గుతుంది, పని త్వరగా తెములుతుంది. రెండోది ఓటర్లనే అడగడం: "ఈసారి తప్పకుండా వేస్తారా?" అవునన్నవాళ్లని లెక్కలోకి తీసుకుంటారు.

రెండోదానికి మంచి ఉదాహరణ అయోవా. 2008లో అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి అక్కడ జరిగింది ప్రైమరీ కాదు, కాకస్ అనే సమావేశాలు. అయినా చిక్కు ఒకటే. ఆ డెమొక్రాటిక్ కాకస్‌కు ముందు అక్కడి సర్వే నిపుణురాలు ఆన్ సెల్జర్ చేసిన సర్వేలో ఒబామాకు 32 శాతం, హిల్లరీకి 25 శాతం. వచ్చేవాళ్లలో దాదాపు 60 శాతం మంది మొదటిసారి వచ్చే కొత్తవాళ్లేనని తేలితే ప్రత్యర్థి శిబిరాలు కొట్టిపారేశాయి. కానీ కొత్తవాళ్లు నిజంగానే వచ్చారు, ఒబామా గెలిచారు. పాత రికార్డుతో జల్లెడ పడితే వాళ్లలో చాలామంది మొదట్లోనే రాలిపోయేవారు.

మిషిగన్‌లో 2016 నాటికి అసలు నమ్ముకోదగ్గ పాత రికార్డే లేదు. అక్కడ ఓటర్లు పార్టీ పేరుతో నమోదు కారు. 2008 డెమొక్రాటిక్ ప్రైమరీ తేదీ గొడవలో ఒబామా పేరే బ్యాలెట్‌పై లేదు. 2012లో ఆయనకు పోటీ లేదు. అలాంటి చోట 2016లో హిల్లరీ సగటున 20 పాయింట్లు ముందున్నారని సర్వేలు చెప్పాయి. ఆమె ప్రత్యర్థి బెర్నీ శాండర్స్ పాయింటున్నర తేడాతో గెలిచారు. ల్యాండ్‌లైన్లకే ఫోన్ చేసిన సర్వేలు కుర్రాళ్లను పట్టుకోలేకపోవడం కూడా ఒక కారణం.

అలాగని నోటిమాటే మేలని అనను. ఓటేయడం మంచి పౌరుడి లక్షణం కదా, లేదని చెప్పడానికి జనం మొహమాటపడతారు. "తప్పకుండా వేస్తాను" అన్నవాళ్లలో ఎంతోమంది ఇల్లు కదలరు. పైగా ఓటేసేవాడొకడు దొరకడానికి ఎన్నో ఫోన్లు చేయాలి, ఆ ఖర్చు చిన్న సంస్థలకు భారం.

మేరీల్యాండ్ లాంటి చోట, అంటే ఆ పార్టీలో నమోదైనవాళ్లే ఓటేసే రాష్ట్రంలో, నేనైతే జాబితానే ఎంచుకుంటాను. వర్జీనియా, మిషిగన్‌లలో జాబితా నుంచే పేర్లు తీసుకున్నా, పాత రికార్డు లేనివాళ్లను పక్కన పెట్టకుండా వాళ్లనూ అడుగుతాను. అక్కడ ఎవరైనా ఏ పార్టీ ప్రైమరీకైనా రావచ్చు.

రెండు పద్ధతులకూ లొంగనిది ఇంకొకటుంది: ఎటూ తేల్చుకోనివాళ్లు. 2022 మేరీల్యాండ్ గవర్నర్ డెమొక్రాటిక్ ప్రైమరీకి నెల ముందు, సుమారు మూడో వంతు ఓటర్లు ఇంకా నిర్ణయించుకోలేదని సర్వే చెప్పింది. అప్పుడు ఒకటి రెండు పాయింట్లతో ముందున్న పీటర్ ఫ్రాంచోట్ చివరికి మూడో స్థానంలో మిగిలారు. గెలిచింది వెస్ మూర్, ఆయనతో లెఫ్టినెంట్ గవర్నర్ (ఉప గవర్నర్) పదవికి పోటీచేసిన అరుణా మిల్లర్. ఆవిడ హైదరాబాద్‌లో పుట్టారు కాబట్టి మనవాళ్లు ఆ ఫలితాన్ని కాస్త ఎక్కువ ఆసక్తిగానే చూశారు. అంతమంది తేల్చుకోకుండా ఉన్నప్పుడు ముందున్నది ఎవరనే అంకె కంటే, ఎవరిని అడిగారు, ఎలా ఏరారు అన్న వివరమే నేను ముందు చదువుతాను. అది ఇవ్వని సర్వేని అక్కడితో పక్కన పెట్టేస్తాను.