సోనీ ఏ6700, 70-350 జీ: మద్రాసు ఎండలో క్రాప్ బాడీ ఎంత దూరం లాగుతుంది?

ఈ జోడీ మీద నాకున్న ప్రేమంతా బరువు దగ్గరే మొదలవుతుంది. బ్యాటరీ, కార్డు వేసిన ఏ6700 బాడీ 493 గ్రాములు, 70-350 లెన్స్ 625 గ్రాములు. రెండూ కలిపి కిలో నూట పద్దెనిమిది. స్కూటర్ డిక్కీలో పట్టేస్తుంది. చెన్నైలో పళ్లికరణై చిత్తడి దగ్గర రెండొందల అడుగుల రోడ్డు పక్కన నిలబడి చాలాసేపు చేత్తో ఎత్తి పట్టుకున్నా భుజం లాగదు. పక్కన సోనీ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఏ7 ఫోర్‌కి 200-600 లెన్స్ తగిలించి నిలబడ్డాయన చేతిలో, లెన్స్‌కి ట్రైపాడ్ కాలు తీసేసినా, 2,773 గ్రాములు. గూడబాతు రెక్క విప్పేదాకా అంత బరువుని కంటికి ఆనించుకుని కాచుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు.

మెగాపిక్సెళ్లు, ఆటోఫోకస్, సెకనుకి ఎన్ని ఫ్రేములు అన్నవన్నీ 2023లో కెమెరా వచ్చినప్పుడే అందరూ చెప్పేశారు, వాటి జోలికి పోను. బాగా వాడాక తేలిన సంగతి ఒకటుంది. పిట్టల కోసం క్రాప్ బాడీ (పాత ఫిల్ము ముక్కంత సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్నది) కొనేవాళ్లలో ఎక్కువమంది దూరపు పిట్టని దగ్గరికి లాగుతుందనే కొంటారు. మన వైపు గాలిలో అన్నిటికంటే ముందు చేతులెత్తేసేది ఆ దూరమే.

ముందు లెక్క. ఫ్లెమింగో నిలబడితే సుమారు 1.4 మీటర్లు ఉంటుందనుకుందాం. వంద మీటర్ల అవతల ఉన్న ఆ పిట్టని 350 ఎంఎం లెన్స్ సెన్సర్ మీద 4.9 మిల్లీమీటర్ల బొమ్మగా వేస్తుంది. సెన్సర్ చిన్నదైనా పెద్దదైనా ఆ బొమ్మ సైజు మారదు. ఏ6700లో పిక్సెల్ 3.76 మైక్రాన్లు, కాబట్టి పిట్ట ఎత్తు సుమారు 1,300 పిక్సెళ్లు వస్తుంది. ఏ7 ఫోర్‌లో పిక్సెల్ 5.1 మైక్రాన్లు, అక్కడ సుమారు 960. క్రాప్ వల్ల దూరంలో కలిసొచ్చేది ఇంతే. 350ని ఒకటిన్నర రెట్లు చేసి 525 అని చెప్పుకోవడం ఫ్రేములో ఎంత మేర కనపడుతుందో చెప్పడానికి పనికొస్తుంది, లెన్స్ మాత్రం 350గానే ఉంటుంది. పైగా 61 మెగాపిక్సెళ్ల ఏ7ఆర్ ఫైవ్‌లో పిక్సెల్ కూడా అదే 3.76. దాన్ని సెన్సర్ మధ్య భాగమే వాడే క్రాప్ మోడ్‌లో పెడితే అవే 26 మెగాపిక్సెళ్లు చేతికొస్తాయి. ఆ బాడీ ధరే దాన్ని మనకి దూరంగా ఉంచుతోంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. లెన్స్ ఒకటే, పిట్ట అదే, నిలబడిన చోటూ అదే అయితే, పిట్ట నుంచి సెన్సర్ మీద పడే వెలుగు రెండు బాడీల్లోనూ సమానం. ఫుల్‌ఫ్రేమ్‌లో నాయిస్ (ఫోటోలో తేలే గరుకు) తక్కువన్న మాట నిజమవ్వాలంటే పిట్టకి ఇంకా దగ్గరగా జరగాలి, లేదా ఇంకా పొడవైన లెన్స్ తగిలించాలి. అసలు తేడా లెన్స్ నోట్లో ఉంది: 350ని ఎఫ్ నంబరు (నోరు ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె) 6.3తో భాగిస్తే 55 మిల్లీమీటర్ల చిల్లర, 600ని 6.3తో భాగిస్తే 95. వైశాల్యంలో దాదాపు మూడు రెట్లు. 200-600 అంత బరువున్నది ఊరికే కాదు. నా జోడీ తేలిగ్గా ఉందని పైన మెచ్చుకున్నానే, ఆ తేలికలో చాలా భాగం వదులుకున్న వెలుగే.

ఇక సూళ్లూరుపేట. అక్కడి నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సుని మధ్యకి కోసుకుంటూ పోతుంది. చీకటితో చెన్నైలో బయల్దేరినవాళ్లు దారిలో టిఫిను చేసి ఎనిమిదిన్నర, తొమ్మిదింటికి చేరతారు. కారు పక్కకి తీసి, అద్దం దించి, కిటికీలోంచే మొదలుపెడతారు. ఫ్లెమింగోలు రెండొందలు, మూడొందల మీటర్ల అవతల, పాదాలు మునిగేంత నీళ్లలో. కెమెరా వెనక స్క్రీన్ మీద ఫోటో భేషుగ్గా ఉంటుంది. ఇంటికొచ్చి నూరు శాతానికి పెంచి చూస్తే కాళ్లు వంకర్లు, కన్ను కరిగిపోయిన మచ్చ, ఈకల గీతలు మచ్చుకి ఒక్కటీ ఉండవు.

లెన్స్ మీద అనుమానం మొదలయ్యేది ఇక్కడే. ఊళ్లో ఒక సర్వీసు సెంటరులో నా లెన్స్‌ని బెంచి మీద పెట్టకుండానే ‘ఎలిమెంట్లు కదిలాయి, అలైన్‌మెంట్ చేయాలి’ అని ఎస్టిమేటు రాసిచ్చారు. పైసా కట్టక్కర్లేకుండా ఎవరికి వాళ్లే తేల్చుకోగలిగిన విషయం అది. నీళ్లలో పాతిన కర్ర గానీ రాయి గానీ, కదలనిదేదో చూసుకోండి. మెకానికల్ షట్టరు, సెకనులో 2000వ వంతు, ఒకే చోట ఫోకస్ ఆపేసి ఇరవై ఫ్రేములు వరసగా కొట్టండి. ఇరవైలోనూ మసక ఒకేలా ఉండి, ముందో వెనకో ఇంకేదో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. మసక ఒకే దిక్కుకి గీసినట్టు సాగితే చెయ్యి కదిలింది. ఒక ఫ్రేములో కర్ర మొదలు బాగుండి తల కరిగి, తర్వాతి ఫ్రేములో తల నిలబడి మొదలు కరిగితే అది గాలి. చివరగా తెల్లవారగానే నీడపట్టున పది మీటర్ల దూరంలో గోడకి న్యూస్‌పేపర్ అతికించి ఫుల్ ఓపెన్‌లో తీయండి. చిన్నక్షరాలు నాలుగు మూలలా చదవగలిగితే లెన్స్‌ని సర్వీసుకి పంపాల్సిన పని లేదు.

కారణం అందరికీ తెలిసిన ఎండమావే. బురద, తారు, పలచటి నీళ్లు వేడెక్కి పైనున్న గాలిని పొరలు పొరలుగా లేపుతాయి. ఒక్కో పొర వెలుగుని ఒక్కో రకంగా వంచుతుంది. మూడొందల మీటర్ల పొడవునా నేలకి దగ్గరగానే ప్రయాణించి వచ్చిన వెలుగు అది, దార్లో ఎన్నిసార్లు వంగిందో. షట్టరు స్పీడు పెంచితే ఆ వంకర గడ్డకట్టి దొరుకుతుంది, పోదు. లెన్స్‌లోని స్టెబిలైజేషన్‌కి మన చెయ్యి ఒణుకు తెలుస్తుంది గానీ గాలి ఒణుకు తెలియదు. పిక్సెళ్లు ఎక్కువైతే అదే ముద్ద ఎక్కువ పిక్సెళ్లలో పరుచుకుంటుంది. తొమ్మిది దాటాక ఒకే 200-600ని ఏ6700కీ ఏ7 ఫోర్‌కీ మార్చి మార్చి తగిలించి తీసి, రెండు ఫోటోలనీ ఒకే సైజుకి తగ్గిస్తే ఏది ఏ బాడీలోదో పోల్చలేం. 1,300కీ 960కీ ఉన్న తేడా అంతా గాలిలో కలిసిపోతుంది.

కారులోంచి తీసేవాళ్లు దీన్ని చేజేతులా పెంచుకుంటారు. ఏసీ చల్లగాలి దించిన అద్దంలోంచి బయటికి పోతూ లెన్స్ ముందే వేడిగాలితో కలుస్తుంది. ఇంజను, ఏసీ రెండూ ఆపి, రెండు వైపులా అద్దాలు దించి పది పదిహేను నిమిషాలు ఆగాలి. బానెట్ మీదుగా తీయకూడదు. ఏసీలో ఉన్న లెన్స్‌కి హుడ్ తగిలించే ఉంటే ఆ గొట్టంలోనే చల్లగాలి, వేడిగాలి కలుస్తాయి, కాసేపు హుడ్ తీసేస్తే నయం. రోడ్డు పొడవునా గురి పెట్టకుండా నీళ్ల మీదుగా తీయండి. పిట్ట కంటి ఎత్తుకి నేల మీద పడుకుని తీయాలని అందరూ నేర్పుతారు. ఇరవై మీటర్లలో అది మంచి సలహానే, రెండొందల మీటర్లలో మాత్రం సెగ దట్టంగా ఉన్న పొరలోకి తీసుకెళ్లి పెడుతుంది. అక్కడ లేచి నిలబడాలి, వీలైతే ఏదైనా ఎక్కాలి. మబ్బు పట్టిన రోజు, వాన వెలిసిన పూట వీటిలో సగం అక్కర్లేదు.

శీతాకాలంలో ఆరుంబావు, ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు వస్తాడు. ఆరూ నలభై ఐదు దాకా ఎఫ్6.3కి ఐఎస్ఓ (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400 దాటిపోతుంది, క్రాప్ సెన్సర్ అక్కడ గరుకు తేలుతుంది. ఎనిమిదిన్నరకి సెగ మొదలు. అంటే దూరం కోసం క్రాప్ బాడీ కొన్నవాళ్లకి నిజంగా దక్కేది రోజుకి గంటన్నర, గంటా ముప్పావు. ఏప్రిల్, మే నెలల్లో ఏడున్నరకే దుకాణం కట్టేయొచ్చు. ఆ గంటన్నరలో మాత్రం 1600వ వంతు షట్టరు, ఎఫ్6.3, ఐఎస్ఓ ఐదొందలకీ వెయ్యికీ మధ్య, చెయ్యి ఖాళీగా ఉండదు. ఎఫ్8 దాటి మూయకండి. పిక్సెళ్లు ఇంత చిన్నవైనప్పుడు ఎఫ్11 దగ్గర మెత్తదనం కంటికి తెలుస్తుంది. ఎగిరే పిట్టకి 2500 నుంచి 3200వ వంతు, అదీ మెకానికల్ షట్టరుతోనే. ఎలక్ట్రానిక్ షట్టరులో రెక్కలు వంగిపోయి వస్తాయి.

ఇంతకీ ఈ జోడీ నా దగ్గర ఎందుకు నిలిచిందంటే దగ్గర్లో ఉన్న చిన్నవాటి వల్ల. కొనేటప్పుడు దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. లకుముకి పిట్ట, అదే నీలిరంగు చిన్నది, తోక దాకా కొలిస్తే జానెడు కూడా ఉండదు. పదిహేను మీటర్లలో కాలవ మీది తీగ పట్టుకుని కూర్చుంటే ఈ సెన్సర్ మీద దాని ఎత్తుకి సుమారు వెయ్యి పిక్సెళ్లు దొరుకుతాయి. మధ్యనున్న గాలి పదిహేను మీటర్లే కాబట్టి పదకొండింటి ఎండలోనూ ఆ వెయ్యీ పనికొచ్చే పిక్సెళ్లే. ముక్కు అంచున వేలాడే నీటి బొట్టు, ఛాతీ మీది నారింజ ఈకల్లో ఒక్కో పోగు విడిగా లెక్కపెట్టొచ్చు. 350 దగ్గర ఒకటిన్నర మీటరు దాకా ఫోకస్ అవుతుంది. అక్కడ ఫ్రేము వెడల్పు పది సెంటీమీటర్లు, తూనీగ ఒకటి ఫ్రేము నిండా కూర్చుంటుంది, రెక్కల జల్లెడంతా స్పష్టం. ఇదే పని 200-600తో చేయాలంటే దాని ఫోకస్ రెండు మీటర్ల నలభై నుంచి గానీ మొదలవదు, తుమ్మ కొమ్మల సందులో అంత గొట్టాన్ని తిప్పడం మరో అవస్థ.

చెన్నైలో ఉన్నవాళ్లకి చెమ్మ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఏసీ గదిలో పడుకున్న కెమెరాని అలాగే బయటికి తీస్తే గాజంతా ఆవిరే. బ్యాగుని రాత్రి హాల్లో పెట్టండి, లేదా జిప్ కవరులో వేసి బయట అరగంట ఆగి విప్పండి. ఆ అరగంటలో లెన్స్ మార్చవద్దు.

ముందు ముందు క్రాప్ ఉంటుందా అన్న ప్రశ్నకి బాడీల్లో జవాబు వెతికితే నిరాశే. ఫుల్‌ఫ్రేమ్ ఏ7సీ టూ 514 గ్రాములు, ఏ6700 కంటే ఇరవై ఒక్క గ్రాములు ఎక్కువ. కానన్‌లో అయితే ఫుల్‌ఫ్రేమ్ ఆర్8 461 గ్రాములు, క్రాప్ ఆర్7 612. చిన్న సెన్సర్ ఉంటే బాడీ చిన్నదన్న రోజులు పోయాయి. ఇక దిక్కు లెన్సులే. అక్కడ కాస్త కదలిక ఉంది. 2024లో కానన్ తన ఆర్ఎఫ్ మౌంట్‌ని (బాడీకి లెన్స్ తగిలే అమరికని) క్రాప్ లెన్సుల వరకు సిగ్మా, టామ్రాన్‌లకి తెరిచింది. 2025లో సిగ్మా 17-40 ఎఫ్1.8 వచ్చింది. పెళ్లి పందిట్లో తెల్లవారుజాము ముహూర్తానికి ఆ జూమ్ ఉంటే, ఫుల్‌ఫ్రేమ్ మీద 2.8 జూమ్ పట్టుకున్నవాళ్లతో సమానంగా నిలబడొచ్చు. ఫుల్‌ఫ్రేమ్ జోలికే పోని ఫ్యూజీ ఒక్కటే క్రాప్‌ని పెద్దకొడుకులా చూసుకుంటోంది. 2022లో వచ్చిన వాళ్ల 150-600 బరువు 1,605 గ్రాములు, అయితే 600 దగ్గర ఎఫ్8తో సర్దుకోవాలి. పొడవు లెన్సుల్లో సోనీ క్రాప్ కోసం ప్రత్యేకంగా చేసింది 2019 నాటి ఈ 70-350 దగ్గరే ఆగి ఉంది. వెడల్పు వైపు 2022లో మూడు లెన్సులు ఒక్కసారే వచ్చాయి, ఈ వైపు మాత్రం అదే పాత కాపు. అంతకంటే పొడవు కావాలంటే ఫుల్‌ఫ్రేమ్ లెన్సే కొనాలి. అది కొన్నాక ఎప్పుడో ఒకప్పుడు బాడీ కూడా అటే లాగుతుంది.

కారు ఉండి, నేలపట్టు పక్షుల అభయారణ్యం చెరువుకట్ట మీద మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) వేసుకుని పొద్దున్నంతా కూర్చునే ఓపిక ఉన్నవాళ్లకి నేను ఈ జోడీ చెప్పను. 200-600కే డబ్బు పెట్టండి, బాడీ ఏదున్నా పర్లేదు, ఉన్న ఏ6700కే తగిలించినా పర్లేదు. నాలాగా స్కూటర్ మీద తిరిగి, ఆఫీసు టైముకి ఇల్లు చేరాల్సినవాళ్లకి, వేలచ్చేరి, పెరుంగుడి చుట్టుపక్కల కాలవలు, తూనీగలు, లకుముకిలతో తృప్తిపడేవాళ్లకి ఇంతకంటే సుఖమైనది నాకు కనపడలేదు. అమ్మాల్సి వస్తే లెన్స్‌కంటే ముందు బాడీనే అమ్ముతాను. ఫోకస్ పాయింటు జరపడానికి జాయ్‌స్టిక్ లేదు, కార్డు స్లాటు ఒక్కటే. ఆ రెండూ సరిచేసిన క్రాప్ బాడీ వస్తే అది. లేకపోతే ఏ7ఆర్ ఫైవ్ సెకండ్ హ్యాండ్‌లో నా అందుబాటుకి దిగేదాకా ఆగి, ఈ 70-350నే దాని మీద క్రాప్ మోడ్‌లో నడిపిస్తాను.