మిషన్ మధ్యలో గన్ను మార్చుకోనియ్యాలా, లాక్ చెయ్యాలా: ఏది మేలు?

షూటింగ్ వీడియో గేముల గురించి మా కావలి బ్యాచ్‌లో ఎప్పుడూ ఇదే పంచాయితీ. నా మాట ముందే చెప్పేస్తా, నలుగురు కలిసి ఆడే మిషన్లలో లాకే మేలు.

2024లో వచ్చిన హెల్‌డైవర్స్ 2 చూడండి, వేరే గ్రహాల మీద దిగి పురుగులతో, రోబోలతో కొట్లాడే గేమ్. గన్ను, గ్రెనేడ్, ఆర్మర్, తలా నాలుగు స్ట్రాటజెమ్‌లు (ఆట మధ్యలో పైనుంచి పిలిపించుకునే ఆయుధాలు, సాయాలు) దిగేముందే ఎంచుకోవాల, దిగినాక మార్చేదానికి లేదు. నలుగురూ మెషిన్ గన్నులే తెచ్చారనుకోండి, చిన్న పురుగుల్ని ఊడ్చేస్తారు గానీ ఛార్జర్ అనే పెద్ద పురుగు ఎదురొస్తే దాని గట్టి పెంకు మీద ఎన్ని బుల్లెట్లు కొట్టినా దండగే, ఇంక పరుగే పరుగు. అందుకే షిప్‌లోనే "అబ్బయా, యాంటీ ట్యాంక్ ఎవురు తెస్తన్నార్రా" అని, అంటే పెంకు పగలగొట్టే లాంచర్ ఎవరిదని, మాట్లాడుకుంటాం, నాకు ఆటలో సగం మజా అక్కడే ఉంది. ఎక్స్‌పెండబుల్ యాంటీ ట్యాంక్ అనే స్ట్రాటజెమ్ పిలిస్తే రెండు లాంచర్లు పడతాయి, ఒకటి మనకి, ఒకటి పక్కోడికి. రీకాయిల్‌లెస్ రైఫిల్ అనే ఇంకో లాంచర్ అయితే ఇంకోడు పక్కన నిలబడి లోడ్ చేస్తా ఉంటే మనం వరసపెట్టి కొట్టచ్చు. ఎప్పుడంటే అప్పుడు మార్చుకోనిస్తే ఇంక పక్కోడితో పనేముంది, ఎవడికి వాడే.

డెస్టినీ 2లో మామూలు మిషన్లకి మధ్యలో మార్చుకోవచ్చు, సుఖమే, కాదన్ను. కానీ ఫైట్ మధ్యలో ఒకడు మెనూ తెరిచి కూర్చుంటే మిగతావాళ్ళు వాడికి కాపలా కాయాల. గ్రాండ్‌మాస్టర్ నైట్‌ఫాల్స్ అనే బాగా కష్టమైన మిషన్లకి గేమ్ చేసినోళ్ళే లాక్ పెట్టారు, మంచి పని.

కౌంటర్ స్ట్రైక్ 2 లెక్క వేరే. అక్కడ రౌండ్ రౌండ్‌కీ కొనుక్కోవాల, రౌండ్ మొదలయినాక 20 సెకన్లే టైము, ఏడబ్ల్యూపీ అనే స్నైపర్ గన్ను గేమ్ డబ్బుల్లో 4750 డాలర్లు, డబ్బుల్లేకపోతే పిస్టల్‌తోనే పోవాల. ఒకళ్ళనొకళ్ళు కొట్టుకునే గేమ్‌కి అదే కరెక్ట్, మ్యాచ్ మొత్తం ఒకే గన్నుకి కట్టేస్తే ఎదుటోడి ఎత్తుకి పైఎత్తు వేసేదెట్టా? బీజీఎంఐలో (మన ఇండియా పబ్‌జీ) అయితే ఈ గొడవే లేదు, ఉత్త చేతుల్తో దిగి దొరికింది ఏరుకోవడమే.

లాక్ పెట్టే గేమ్ మాత్రం ఎదురొచ్చేది పురుగులా రోబోలా అని ముందే చెప్పి తీరాల. కొత్తపట్నంలో వేటకి పొయ్యేవాళ్ళు ఏ చేపకి పోతన్నారో తెలిసే గదా ఒడ్డున వల ఎత్తుకునేది. హెల్‌డైవర్స్‌లో మ్యాప్ మీదే కనపడద్ది కాబట్టి ఆ లాక్ న్యాయమే, చెప్పకుండా లాక్ చేస్తే మాత్రం నేనొప్పుకోను. ఇంకోటి, కొత్తగా ఆడేవాళ్ళకి కింది లెవల్స్‌లో చచ్చి మళ్ళీ దిగేటప్పుడు ఒక్కసారి మార్చుకోనియ్యచ్చు, దాంతో పై లెవల్స్ ఆడేవాళ్ళకి పొయ్యేదేం లేదు.