ఎక్స్‌వి6 రివ్యూ: కెర్నల్ మోడ్ అంటే ఏంటో కళ్ళారా చూడాలనుకునేవాళ్ళకి

ఓఎస్ సబ్జెక్ట్ చదువుతున్న బీటెక్ పిల్లలు ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఎక్స్‌వి6 దింపుకోండి అనే. ఎంఐటీ వాళ్ళు క్లాసులో చెప్పడానికి 2006లో మొదలుపెట్టిన చిన్న ఓఎస్ ఇది, పాత యూనిక్స్ ఆరో వెర్షన్ నమూనాలో రాశారు, పూర్తిగా ఫ్రీ. 2019 నుంచి రిస్క్-ఫైవ్ ప్రాసెసర్‌కి మార్చారు, క్యూఎమ్యూ అనే ఎమ్యులేటర్‌లో (వేరే ప్రాసెసర్‌ని నకలు చేసే సాఫ్ట్‌వేర్) మామూలు లాప్‌టాప్ మీదే నడుస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది, ఇందులో అన్ని పర్మిషన్లూ ఉండే రూట్ యూజరే లేడు. లాగిన్ లేదు, రూట్‌గా కమాండ్ నడిపే సుడో లేదు, అయినా యూజర్ మోడ్‌కీ (మామూలు ప్రోగ్రామ్‌లు నడిచేది) సూపర్‌వైజర్ మోడ్‌కీ (ఓఎస్ గుండెకాయ అయిన కెర్నల్ నడిచేది, కెర్నల్ మోడ్ అన్నా ఇదే) మధ్య గోడ గట్టిగా ఉంది. సుడో కొడితే కెర్నల్ మోడ్‌లోకి వెళ్ళిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు, కాదండీ, లైనక్స్‌లో రూట్ నడిపే ప్రోగ్రామ్ కూడా యూజర్ మోడ్‌లోనే నడుస్తుంది, రూట్ అనేది కెర్నల్ సాఫ్ట్‌వేర్‌లో చూసే పర్మిషన్, మోడ్ అనేది ప్రాసెసరే కాపలా కాసేది.

చిన్న సి ప్రోగ్రామ్ రాసి హెక్స్‌లో 80000000 అడ్రస్ నుంచి, అంటే కెర్నల్ ఉండే చోటు నుంచి, ఒక్క బైట్ చదవమన్నా. వెంటనే యూజర్‌ట్రాప్, అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎస్‌కాజ్ డి అని మెసేజ్ పడింది, ఎస్‌కాజ్ అంటే ప్రోగ్రామ్ ఎందుకు ఆగిందో చెప్పే రిజిస్టర్, డి అంటే 13, లోడ్ పేజ్ ఫాల్ట్ (చదవకూడని అడ్రస్ చదవబోయాం అని), తప్పు జరిగిన అడ్రస్ చూపించే ఎస్‌టీవాల్‌లో నేనడిగిన అడ్రస్సే ఉంది, ప్రాసెస్ చచ్చింది, కమాండ్లు తీసుకునే షెల్‌కి మాత్రం ఏమీ కాలేదు, డాలర్ గుర్తు మళ్ళీ వచ్చేసింది. పేజ్ టేబుల్ (ప్రోగ్రామ్ వాడే అడ్రస్‌లు ఏ మెమరీకి చెందుతాయో రాసి ఉండే పట్టిక) ఎక్కడుందో చెప్పే ఎస్ఏటీపీ రిజిస్టర్‌ని మార్చబోతే ఎస్‌కాజ్ 2, ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్.

సరే, అదే అడ్రస్ రైట్ అనే సిస్టమ్ కాల్‌కి (ప్రోగ్రామ్ కెర్నల్‌ని పని అడిగే దారి) ఇచ్చి కెర్నల్ చేతే చదివిస్తే? ఏ7 రిజిస్టర్‌లో ఆ కాల్ నంబర్ పెట్టి ఈకాల్ ఇన్‌స్ట్రక్షన్ కొట్టగానే మోడ్ మారుతుంది కానీ ఎక్కడికి దూకాలో ముందే కెర్నల్ ఎస్‌టీవెక్ రిజిస్టర్‌లో రాసిపెట్టుకుంటుంది, మన ఇష్టం కాదు. లోపలికెళ్ళాక కాపీఇన్ అనే ఫంక్షన్ ఆ అడ్రస్ నిజంగా మన ప్రోగ్రామ్‌దేనా అని పేజ్ టేబుల్‌లో వెతుకుతుంది, కాదు కాబట్టి ఒక్క బైట్ కూడా బయటికి రాలేదు. ఈ చెకింగ్ లేకపోతే హార్డ్‌వేర్ గోడ ఎంత గట్టిగా ఉన్నా దండగే, పెద్ద ఓఎస్‌లలో కూడా ఇలాంటి చోట్ల సెక్యూరిటీ బగ్స్ దొరుకుతుంటాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటు) లాంటిది పెట్టుకోక తప్పదు, టూల్‌చెయిన్ (కంపైలర్ వగైరా) దింపడానికే బోలెడు టైం పడుతుంది, యూజర్ మోడ్‌నుంచి కెర్నల్‌కీ తిరిగి వెనక్కీ దాటించే ట్రాంపొలిన్ అసెంబ్లీ కోడ్ ఒక్కసారి చదివితే ఎక్కదు, పక్కన పేపర్ పెట్టుకుని రిజిస్టర్లు రాసుకుంటూ చదవండి. ఇంకోటి, క్యూఎమ్యూ లోంచి బయటికి రావాలంటే కంట్రోల్-సీ పనిచెయ్యదు, కంట్రోల్-ఏ నొక్కి వదిలేసి ఎక్స్ నొక్కాలి.