కోల్మార్‌లో గది దండగ, ఎగిసైమ్‌లో వైన్ పండగ

ఫ్రాన్సులోని ఆల్సాస్ ప్రాంతానికి వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నా, కోల్మార్ ఊళ్లో పెటీట్ వెనీస్ అనే పేటలో కాలువ పక్కన గది తీసుకోకండి. రంగురంగుల చెక్క ఇళ్లు, కిటికీల్లో పూలకుండీలు ఫొటోలో చూసి మా అక్క ముచ్చటపడింది. రాత్రికి 142 యూరోలు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మెట్లు ఒక్క మనిషి పట్టేంత ఇరుకు. విజయవాడ నుంచి వచ్చిన బావగారికి అసలే మోకాళ్ల నొప్పులు. సూట్‌కేసులన్నీ నేనే మోశాను. జులై నెల, గదిలో ఏసీ లేదు. ఓనరమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, కిటికీ తెరుచుకోండని మెసేజ్ పెట్టింది. తెరిస్తే కింద రెస్టారెంట్‌లో పన్నెండు దాకా గోల. పొద్దున టిఫిన్‌కు మనిషికి 16, పార్కింగ్‌కు 22, రెండూ విడిగానే. బుకింగ్‌లో ఆ ఊసే లేదు. ఇంతా చేసి పెట్టింది బ్రెడ్డు, జామ్, చల్లారిన కాఫీ. "ఇంతకంటే అన్నవరం సత్రం నయం కదయ్యా" అని బావగారు మధ్యాహ్నం దాకా దెప్పుతూనే ఉన్నారు.

పడమట ఉన్న వోజ్ కొండలు వాన మబ్బుల్ని అడ్డుకోవడంతో, ఫ్రాన్సులో బాగా తక్కువ వాన పడే ఊళ్లలో కోల్మార్ ఒకటయింది. మాకు నిద్ర లేకుండా చేసిన ఆ పొడి ఎండే అక్కడి ద్రాక్షకు బలం.

దగ్గర్లోని రిక్‌విర్ ఊరు అందంగానే ఉంది, కానీ పదకొండుకల్లా కాలు పెట్టే సందు లేదు. ఎగిసైమ్ అనే ఊరు వెళ్లాక గానీ బావగారి మొహం విప్పారలేదు. అక్కడ ఓ కుటుంబం నడిపే చిన్న వైన్ సెల్లార్‌లో డబ్బులడక్కుండా వరసగా రుచి చూపించారు. ముందు రీస్లింగ్ అనే తెల్ల వైన్ పోశారు. పుల్లగా ఉందని బావగారు మొహం చిట్లించారు. చివర్లో గెవుర్త్స్‌ట్రమినర్ అనే ఇంకో తెల్ల వైన్ పోశారు. గ్లాసు ఇంకా బల్ల మీదే ఉంది, వాసన మాత్రం మా దాకా వచ్చేసింది. లిచీ పండు, ఆ వెనకే గులాబీ. వైన్ ముట్టని అక్క కూడా గ్లాసు వాసన చూసి, "పెళ్లిలో పన్నీరు చల్లినట్టుందిరా" అంది. రంగులో లేత బంగారం, కానీ ఆ ద్రాక్ష తొక్క మాత్రం గులాబీ రంగట. నోట్లో చిక్కగా ఉంటుంది, పులుపు తక్కువ, మింగాక అల్లం ఘాటు లాంటిది కాసేపు నిలుస్తుంది. తేలిగ్గా దిగుతుంది కదా అని తాగేస్తే ఇబ్బందే, ఆల్కహాల్ 13.5 శాతం. కారు నడపాలి కాబట్టి నేను బకెట్‌లో ఉమ్మేశాను, ప్రాణం ఉసూరుమంది. పక్కనే మున్‌స్టర్ చీజ్, మీద షాజీరా లాంటి గింజలు. ఆ చీజ్ కంపు భరించడం కష్టమే. దాని మీద ఈ వైన్ ఒక గుక్క వేస్తే మాత్రం రెండూ కుదురుకుంటాయి. మన మసాలా కూరలకూ ఇదే సరిజోడు, రీస్లింగ్ కాదు.

కొనేటప్పుడు లేబుల్ చూసుకోండి. 2021 పంట నుంచి ఆల్సాస్ వైన్ల మీద తీపి ఎంతో రాయాలన్న నిబంధన ఉంది. 'సెక్' అంటే తీపి లేనిది, 'మ్వాలో' అంటే తియ్యన, 'డూ' అయితే ఇంకా తియ్యన. లేటుగా కోసిన పండ్లతో చేసే 'వాందాంజ్ టార్డీవ్' ఖరీదెక్కువ, భోజనంలోకి వద్దు.

మామూలు సీసా 14 యూరోలు. స్ట్రాస్‌బూర్ నగరం షాపుల్లో ఇలాంటిదే 19కి తక్కువ లేదు. ఇండియాకు సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్ల వరకే. అక్క తాగకపోయినా ఆమె కోటా కూడా లెక్కేసుకుని బావగారు నాలుగు సీసాలు తీసుకున్నారు, 56 యూరోలు. డబ్బులు నాచేతే కట్టించారు.