బోరు మోటారు ఉన్న ఇంట్లో నీటి లీకు: ఏ ఏర్పాటు మేలు?

ఈ వేసవిలో ఇల్లు కట్టుకుంటున్న బంధువులు ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. బోరు మోటారుకు పూర్తి ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టించాలా, మనం ఆన్ చేస్తే ట్యాంకు నిండగానే తానే ఆపే సెమీ ఆటోమేటిక్ చాలునా, లేక లీకును పసిగట్టి నీటిని ఆపే వాల్వు కొనాలా అన్నది వారి సందేహం. నిరుడు మా ఇంట్లో జరిగిన నష్టం తెలిసినవారు కనుకనే నన్ను అడిగారు.

అప్పటిదాకా మాది పూర్తి ఆటోమేటిక్. ట్యాంకు నిండి పొర్లే బెడదను అది నిజంగానే తీర్చింది. అయితే మేము నాలుగు రోజులు ఊరికి వెళ్ళినప్పుడు వాష్‌బేసిన్ కింద యాంగిల్ కాక్‌కు బిగించిన కనెక్షన్ పైపు తెగిపోయింది. ట్యాంకులో మట్టం తగ్గినప్పుడల్లా కంట్రోలర్ మోటారును ఆన్ చేస్తూ పోవడంతో, ట్యాంకులోని వెయ్యి లీటర్లతో ముగియవలసిన నష్టం, బోరులో నీళ్ళు అందక డ్రై రన్ రక్షణ (నీళ్ళు లేకుండా మోటారు తిరగకుండా చూసే ఏర్పాటు) మోటారును ఆపేదాకా సాగింది. మేము తిరిగి వచ్చేసరికి తలుపులు అడుగున ఉబ్బిపోయి, గోడలు మోకాలి ఎత్తు దాకా చెమ్మ పీల్చుకుని ఉన్నాయి.

అందువల్ల, ఆగిన మోటారు మళ్ళీ ఎవరి చేతి మీదుగా మొదలవుతుందన్నదే ఈ ఎంపికలో అన్నిటికన్నా ముందు చూడవలసిన విషయమని నా అభిప్రాయం. మునిసిపల్ నీరు వేళకు వచ్చి వేళకు పోతుంది. బోరుకు అటువంటి వేళలు లేవు. సెమీ ఆటోమేటిక్‌లో పైపు తెగినా ట్యాంకులో ఉన్నంత నీరే పోతుంది. దీనికి మరొక మేలు కూడా ఉంది. రోజూ స్విచ్ వేసేవారికి ట్యాంకు ఎంతసేపట్లో నిండుతుందో తెలిసి ఉంటుంది కనుక, ఇరవై అయిదు నిమిషాల్లో నిండేది నలభై నిమిషాలు పడితే బోరులో నీటి మట్టం పడిపోయిందనో, బోరు నుంచి ట్యాంకుకు వెళ్ళే పైపు ఎక్కడో కారుతోందనో అదే రోజు అనుమానం వస్తుంది. మెట్లెక్కి చూడలేని పెద్దవారు మాత్రమే ఉండే ఇంట్లో పూర్తి ఆటోమేటిక్ అవసరాన్ని నేను కాదనను. అటువంటప్పుడు ఆటో, మాన్యువల్ రెండూ ఉన్న పెట్టె తీసుకుని, ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు మాన్యువల్‌లో పెట్టాలి. ఏది కొన్నా, బోరు నీటిలోని లవణాలు సెన్సర్ కడ్డీలపై పేరుకుని తప్పు మట్టం చూపిస్తాయి కాబట్టి వాటిని అప్పుడప్పుడు తుడవక తప్పదు.

లీకు వాల్వు విషయానికి వస్తే, నేలపై తడి తగలగానే మూసుకునే ఆ పరికరం మంచిదే. కానీ బ్యాటరీ లేనిదైతే కరెంటు పోయినప్పుడు చాలా రకాలు తెరిచి ఉన్న స్థితిలోనే ఉండిపోతాయి. ఉప్పునీటికి బిగుసుకుపోకుండా నెలకోసారి తిప్పుతూ ఉండాలి. ట్యాంకు లేకుండా ప్రెషర్ పంపుతోనే నడిచే ఇళ్ళకు మాత్రం ఇదే ముఖ్యమైన రక్షణ. అమెరికాలో సొంత బావి ఉన్న ఇళ్ళలో స్థిరపడిన మనవాళ్ళ పరిస్థితీ ఇదే: ఒత్తిడి తగ్గగానే పంపు దానంతటదే మొదలవుతుంది కనుక, వాల్వు మూసుకోవడంతో పాటు పంపుకు కరెంటు కూడా తెగేలా వైరింగ్ చేయించాలి. లేకపోతే పంపుకూ వాల్వుకూ మధ్య పైపు పగిలినప్పుడు ఆ వాల్వు ఉన్నా లేనట్టే.

టైమరు, ట్యాంకు నిండితే మోగే అలారం చవకైనవి. ఇంట్లో మనిషి ఉన్నప్పుడే వాటి ఉపయోగం.

మా ఇంట్లో ఇప్పుడు డ్రై రన్ రక్షణ ఉన్న సెమీ ఆటోమేటిక్ స్టార్టర్ ఉంది. ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే పైపుకు, వాడకం లేక బిగుసుకుపోయిన పాత గేటు వాల్వు తీయించి, పావు తిప్పుతో మూసుకునే ఇత్తడి బాల్ వాల్వు వేయించాను. డాబా ఎక్కే పని లేకుండా మెట్ల పక్కన చేతికి అందేలా దాన్ని అమర్చారు. ఊరికి బయల్దేరేటప్పుడు ఇంటికి తాళం వేసే ముందు దాన్ని మూస్తున్నాం.